గుట్ట మీద ఆగిన చోట్లు

మణికట్టులోంచి గుండెదాకా తీగ పాకుతోందట, పాకనీ, చిరుతను చెవి పట్టుకుని కలిగిరి సంతకు తోలుకుపోయిన శీనయ్యకి ఈ తీగొక లెక్కా, అని నర్సమ్మను నవ్విద్దామనుకున్నాను, నోట్లో తడి లేదు, తెర మీద నా గుండె నల్లగా కొట్టుకుంటోంది, ఆత్మకూరు డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టినప్పుడే ముఖం మార్చేశాడు, గుండె తలుపు సున్నం పట్టి బిగుసుకుపోయుండాది పెద్దాయనా, నెల్లూరు పో అన్నాడు, ఇక్కడేమో తలుపొక్కటే అయితే తొడలోంచి తీగతో కొత్తది పెడతాం, నాళాలు కూడా పూడి ఉంటే రొమ్ము తెరవాలి, ఈ వయసులో ఏమీ చెప్పలేం అంటున్నారు, అది తేల్చడానికే ఈ తీగ, ఇదంతా ఎందుకు, నన్ను ఆ పరుగు మిషను మీద పరిగెత్తించి చూసుకోండయ్యా అంటే, పరిగెత్తిస్తే దాని మీదే పోతావు తాతా అన్నాడు డాక్టరు, పోతానా, ఉదయగిరి కొండ కింద పుట్టినోణ్ని, గొర్రెల వెంట గుట్టెక్కేవాణ్ని, నొప్పీ లేదు ఆయాసమూ లేదు అని బడాయి పోయాను, కూతురు గోపిక ఊరుకుందా, ఏంది నాయనా, ఆయాసం లేకనే రాయి రాయికీ కూసుని కథలు చెప్తా ఉండావా అంది, డాక్టరు నవ్వలేదు.

తెర మీద ఒక నాళం నడుమ సన్నబడింది, దారం కట్టి బిగించినట్టు, ఇంకొకటి, మూడోది కూడా, డాక్టరు గొంతు తగ్గింది, తెరవక తప్పదు తాతా, ఈ ఆయాసం ఎప్పట్నుంచి అని అడుగుతున్నాడు, పొట్టేళ్లను కోసిన చేతులు నావి, రొమ్ము ఎముక ఎట్లా విచ్చుకుంటుందో తెలుసు, తెలియకపోతే ఎంత బాగుండును.

ఎప్పట్నుంచి, ఎప్పట్నుంచి, నా బావమరిది మస్తానయ్యకి కాళ్ల నొప్పులు మొదలైనప్పట్నుంచేనేమో, మంద వెంట ఇద్దరమే, ఎగువ దారిలో నా కళ్లు చీకట్లు కమ్మబోయేసరికి, బావా కాళ్లు లాగతా ఉండాయి, ఆ తోడేలుకి పెళ్లి చేసినావే, ఆ సంగతి చెప్పు అని వాడే రాయి మీద కూలబడేవాడు, థూ చేతగాని నాయాలా, నాకంటే చిన్నోడివి గదరా అని నేను ఎగతాళి పట్టించేవాణ్ని, తలొంచుకుని మాటలు పడేవాడు, కథ ఎంత సాగదీసినా విసుక్కోడు, నాకు ఊపిరి కుదురుకున్నాక పంచె దులుపుకుని పద బావా అనేవాడు, మొన్న ఈనబోయే గొర్రె తప్పిపోతే అదే గుట్ట మీదికి ఉరికాడు, కింద నిలబడి చూశాను, ఎక్కడా ఆగలేదు, గొర్రెను భుజాన వేసుకుని కూడా ఆగలేదు, వాడికి కాళ్ల నొప్పి ఏనాడూ లేదు.