పలచన చేసిన మందు

మూడో మంచం మీద, పురిటి నొప్పులతో వచ్చిన టైమి, తువ్వాలు అంచు పళ్ళ మధ్య బిగించి పడుకుని ఉంది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. నొప్పి వచ్చిన ప్రతిసారీ మంచం కమ్మీ పట్టుకున్న వేళ్ళు తెల్లబడుతున్నాయి.

"ఎలా ఉంది తల్లీ?" అంది ప్రసూతి నర్సు హెల్వి.

"బాగానే ఉందండీ."

హెల్వి అలవాటుగా కేసు షీటులో 'నొప్పి తగ్గింది' అని రాయబోయి ఆగింది. ఫిన్లాండ్‌లోని ఈ రేవు పట్నంలో ఆమె ఇరవై రెండేళ్ళుగా పురుళ్ళు పోస్తోంది. ఇక్కడ కాన్పులో అరిచిన ఆడదాని గురించి ఏళ్ళ తరబడి నవ్వుకుంటారు. అందుకే నర్సులు కూడా నొప్పిని చెవులతోనే కొలవడం నేర్చుకున్నారు. అరుపు వినపడకపోతే నొప్పి లేనట్టే.

వెన్నులోకి ఎక్కించే నొప్పి మందును సెలైన్‌తో పలచన చేయడం తప్పేమీ కాదు. చిక్కగా ఎక్కిస్తే కాళ్ళు మొద్దుబారి తల్లి ముక్కలేకపోతుంది. తగినంత పలచన చేస్తే నొప్పీ తగ్గుతుంది, కాళ్ళూ కదులుతాయి. కానీ మాంద్యం వచ్చి ఖర్చులు కోసినప్పటి నుంచి, పెద్ద నర్సు ఐర్మా ఒక సిరంజికి సరిపోయే మందును రెండింటికి పంచుతోంది. సిరంజి మీద చీటీ మాత్రం పాత మోతాదుదే. కలిపేది ఒకరైతే, చూసి సంతకం పెట్టాల్సింది ఇంకొకరు. చూస్తే తోటిమనిషిని అనుమానించినట్టట, అందుకని ఎవరూ చూడరు. పాడు మర్యాద! హెల్వి కూడా నాలుగు నెలలుగా గుడ్డిగా సంతకాలు పెట్టింది.

ఆమె మంచుముక్క తెచ్చి టైమి పొట్ట మీద ఆనించింది.

"చల్లగా ఉందా?"

"ఉందండీ."

"ఇక్కడ?"

"అక్కడా ఉంది."

మందు పనిచేస్తే ఆ చోట చలి తెలియకూడదు. పొద్దున టైమికి ఎక్కించిందీ ఆ సగం మందే.

"మరి పొద్దున్నుంచీ బాగానే ఉందంటావేంటమ్మా?"

"ఊరికే గోల చేస్తే బాగుంటుందా అండీ? మా అమ్మ ఆరుగుర్ని ఇంటి వెనక సౌనాలో, ఆ ఆవిరిస్నానాల గదిలోనే కన్నది, కిక్కురుమనలేదు. నేను చేపల ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసేదాన్ని. ఈమాత్రం ఓర్చుకోలేనా?" అంటూనే టైమి మళ్ళీ తువ్వాలు కొరికింది.

అంతలో ఐర్మా ఇంకో సిరంజితో వచ్చింది. చెడ్డమనిషేం కాదు, నిరుడు తన జీతం కోసినా నోరెత్తని మనిషి. అదే ఆమెతో వచ్చిన చిక్కు.

"చీటీ మీద సంతకం పెట్టేయ్ హెల్వీ. కాఫీ చల్లారిపోతోంది."

"పెట్టను. ఇందులో ఉన్నది ఒకటి, చీటీ మీద ఉన్నది ఒకటి. సరైన మోతాదు కలపండి, లేదా డాక్టర్ని పిలవండి."

"ఇవాళేంటి కొత్తగా? నాలుగు నెలల షీట్లు తీసి చూడు, ఒక్క ఫిర్యాదుందా? అన్నింట్లో నొప్పి తగ్గిందనే ఉంది. సగం నీ రాతే!"

ఆ మాట హెల్వికి చెంపదెబ్బలా తగిలింది. ఎంతమంది తల్లులు! అందరూ బాగానే ఉందన్నారు. అందరినీ ఆమె నమ్మింది, నమ్మితే పని తేలిక కాబట్టి.

"నా రాతే. అబద్ధం రాశాను," అంది. షీటులో 'నొప్పి తగ్గలేదు' అని రాసి కింద పేరు పెట్టింది.

ఐర్మా ముఖం ఎర్రబడింది. మంచం వైపు తిరిగి, పిల్లల్ని బుజ్జగించే గొంతుతో అడిగింది. "ఏమ్మా టైమీ, ఓర్చుకోగలుగుతున్నావు కదూ?"

ఈ ఊళ్ళో ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే. టైమి ఐర్మాను చూసింది, హెల్విని చూసింది. నోట్లోంచి తువ్వాలు తీసేసింది.

"లేదండీ," అంది.

"ఏమన్నావు?"

నొప్పి మళ్ళీ ముంచుకొచ్చింది. ఈసారి టైమి అరిచి చెప్పింది వరండా చివరి గది దాకా వినపడింది. అక్కడ కాఫీ తాగుతున్న నర్సులు కప్పులు కింద పెట్టారు. ఎవరూ నవ్వలేదు.