జాన కొలత నక్షత్రాలు

మా బడి వరండా గోడ మీద సూర్యుడు లైబ్రరీ గుమ్మం పక్కన ఉంటాడు. అక్కడినుంచి ఒక గీత, గీత పొడవునా మనకు దగ్గరి నక్షత్రాలు. కింద నీలి రంగులో, ‘ఒక జాన = ఒక కాంతి సంవత్సరం’. కాంతి ఏడాదిపాటు ప్రయాణించే దూరమన్నమాట.

నిరుడు ఐదో తరగతిలో అది వేసింది మా అమ్మాయి. నా తరగతిలోనే చదివింది. బడిలో నన్ను టీచరనే పిలిచేది. కొలతబద్ద దొరకక జానతో కొలవమన్నాను. ఎవరి జానో చెప్పలేదు. తన చేత్తోనే కొలిచి, జానకొక పెన్సిల్ చుక్క పెట్టుకుంటూ పోయింది. అన్నిటికంటే దగ్గరిదైన ప్రాక్సిమా మామూలు కంటికి ఆనదనీ, రెట్టింపు దూరంలోని సిరియస్ రాత్రి ఆకాశంలోకెల్లా ఎక్కువగా మెరుస్తుందనీ చెబితే ఒప్పుకోలేదు.

“దగ్గరున్నది కనబడకపోవడమేంటి టీచర్?”

చిన్నది, ఎర్రనిది, వెలుగు తక్కువ అన్నాను. వేసవి సెలవుల్లో మా అమ్మాయి మూడు రోజుల జ్వరంతో పోయింది.

ఈ ఏడు ఐదో తరగతిలో ఒక పిల్ల ఉంది. జానెడు లేదు, మూరెడు మాటలు. అందరూ లాయరంటారు. మొన్న నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లి, నా చేత్తోనే కొలిపించింది. ప్రాక్సిమా నాలుగు జానలు దాటి ఉండాలి, మూడుకే వచ్చేసింది. సిరియస్ ఎనిమిదిన్నరకు బదులు ఆరున్నరకే.

“ఎవరో తప్పేశారు టీచర్.”

వెనక పిల్లలు తలలు దించుకున్నారు. ఎవరు వేశారో వాళ్లకు తెలుసు. లాయరు ఈ ఏడే చేరింది.

విషయం హెడ్మిస్ట్రెస్ గారిదాకా వెళ్లింది. శుక్రవారం పెయింటరు వస్తున్నాడనీ, గోడంతా సున్నం కొట్టించి మళ్లీ వేయిద్దామనీ మెల్లగా అన్నారు. “నువ్వు చూడలేకపోతే ఆ రోజు సెలవు పెట్టుకోమ్మా,” అన్నారు. బడి గోడ మీద తప్పు ఉండకూడదు. ఆ మాట పిల్లలకు పదహారేళ్లుగా నేనే చెబుతున్నాను. కానీ సున్నం కొడితే ఆ పెన్సిల్ చుక్కలు కూడా పోతాయి. మా అమ్మాయి చెయ్యి ఎంతుండేదో చెప్పేవి అవే.

గురువారం స్కేలు పట్టుకుని గోడ దగ్గర కూర్చున్నాను. చుక్కకూ చుక్కకూ నడుమ పదిహేను సెంటీమీటర్లు. ఐదోది మాత్రం అర సెంటీమీటరు తక్కువ. అక్కడ ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగిందేమో.

దూరాలు తప్పు కాదు. కొలత పేరే తప్పు. తడిగుడ్డతో ‘ఒక జాన’ అన్న మాట రుద్దాను. మా అమ్మాయి రాసిన అక్షరాలు ఒకంతట పోలేదు. ఆ చోట ‘పదిహేను సెంటీమీటర్లు’ అని రాశాను.

హెడ్మిస్ట్రెస్ గారు చూసి, పెయింటరును మిగతా గోడలకే పరిమితం చేశారు. లాయరు మాత్రం స్కేలు తెచ్చుకుని సిరియస్ దాకా కొలిచింది.

“ఇప్పుడు సరిపోయింది టీచర్. మరి ఇంతకుముందు ఎవరి జాన?”

“మా అమ్మాయిది.”

ఆ పిల్ల స్కేలు కింద పెట్టింది. మొదటి చుక్క మీద బొటనవేలు ఆనించి చెయ్యి చాపింది. చిటికెనవేలు రెండో చుక్క దాటిపోయింది.

“నాది కొంచెం పెద్దది,” అంది, తప్పు చేసినట్టు.

నిరుడైతే ఆ చెయ్యి సరిగ్గా సరిపోయేదేమో. పిల్లల చేతులు ఏడాదిలో అంత పెరుగుతాయి.