ఎర్ర బిళ్ళ కట్టిన కారు

కారులో స్టీరింగు ముందున్న పలకలో, హెచ్చరికగా వచ్చే ఎర్ర త్రికోణం ఆ ఉదయం మళ్ళీ వెలిగింది. లిఫ్టులాయన దాన్ని మళ్ళీ ఆర్పేశాడు. స్టీరింగు కింద ఉన్న గూటిలో కారు హెచ్చరికలను చెరిపేసే, అరచేతిలో ఇమిడే స్కానరును గుచ్చి, మీట నొక్కి, త్రికోణం మాయమయ్యాక, జబ్బు నయం చేసిన వైద్యుడిలా చేతులు దులుపుకుంటూ దిగాడు.

"అయిపోయింది. ఇక నిశ్చింతగా తీసుకెళ్ళు" అన్నాడు భార్యతో.

ఏమిటి అయిపోయిందని ఆమె అడగలేదు. అడిగితే ఆయన నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఒళ్ళు మండిన రోజున కుట్టు వంకర పోతుంది. ఆమెకు దిండ్లు, పరుపులు తయారుచేసే చిన్న కార్ఖానా ఉంది. రెండు గదులు, కొన్ని కుట్టుమిషన్లు, గోడవారగా ఒక దూదేకే యంత్రం. వీధిలో అందరూ ఆమెను దిండ్లమ్మ అంటారు. భర్త లిఫ్టుల తనిఖీ అధికారి కనుక ఆయన లిఫ్టులాయన అయ్యాడు.

ఆ పేరంటే ఆయనకు గర్వం. ఏ లిఫ్టులోనైనా లోపం కనబడితే 'వాడరాదు' అని అచ్చువేసిన ఎర్ర బిళ్ళను తలుపుకు ఇనప తీగతో కట్టి, తీగ ముడికి సీసపు ముద్ర నొక్కి వస్తాడు. కట్టినవారే విప్పాలన్నది వారి వృత్తిలో నియమం. ఒకసారి ఒక భవనం యజమాని తొందరపడి ఆ తీగ తెంపేశాడు. లిఫ్టులాయన ఆ భవనం వాకిట్లో నిలబడి ఎంత రభస చేశాడో, ఇంటికొచ్చిన ప్రతి అతిథీ విన్నాడు. "తీగ మీద వేలాడేది ప్రాణమండీ, పెట్టె కాదు" అని ఆ కథ ముగిస్తాడు.

అలాంటి మనిషి సొంత కారు విషయంలో ఇలా ఎందుకు తయారయ్యాడో దిండ్లమ్మ చాలాసార్లు ఆలోచించింది. ఆమెకు తోచిన వరుస ఇది. త్రికోణం మొదటిసారి వెలిగినప్పుడు గ్యారేజీకి వెళ్ళే బద్ధకంతో ఆయన స్కానరు కొన్నాడు. దాంతో దీపం ఆరింది. ఆరింది కనుక ఇల్లంతా మెచ్చుకుంది. మెచ్చుకున్నారు కనుక ఆయన మళ్ళీ ఆర్పాడు. అలా ఆ ఇంట్లో జబ్బు కారుకు కాక దీపానికి వచ్చినట్టయింది.

ఆ కారు పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్. పెద్ద బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. ఆ ఉదయం మొదటి మలుపు తిరగగానే ఆ సీటు పక్కనుంచి ఫ్యాను ఈలవేసినట్టు అరవడం మొదలుపెట్టింది. దిండ్లమ్మ కార్ఖానాకు వెళ్ళకుండా నేరుగా గ్యారేజీకి పోనిచ్చింది.

మెకానిక్ వెనక సీటు పక్కనున్న ప్లాస్టిక్ జాలీని ఊడదీసి, లోపల వేళ్ళు పెట్టి, ఒక బూడిదరంగు ముద్దను బయటకు లాగాడు. అది దూది. నూగు పేరుకుని, దుమ్ముతో కలిసి, పిడచకట్టిన దూది.

"బ్యాటరీ ఊపిరి పీల్చుకునే దారి ఇదే మేడమ్. ముక్కులో దూది పెట్టేది పోయినవాళ్ళకి కదా. మీరు బతికుండగానే పెట్టేశారు."

"శుభ్రం చేస్తే?"

"ఆ రోజులు దాటిపోయాయి. వేడికి లోపలి సెల్స్ ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. కొత్త బ్యాటరీ వేయించే ఖర్చుకి ఇలాంటి బండి ఇంకోటి కొనుక్కోవచ్చు. దండం పెట్టి తుక్కు యార్డుకి పంపించేయండి. బ్యాటరీని వాళ్ళే జాగ్రత్తగా విడదీస్తారు."

"ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదేం నాకు?"

మెకానిక్ చేతులు తుడుచుకుంటున్న గుడ్డను ఆపాడు. "చెప్పకపోవడమేంటి మేడమ్? పోయినసారి టైర్లు మార్చినప్పుడే సార్‌కి చూపించాను. బస్తాలు దీనికి ఆనించొద్దు, అప్పుడప్పుడు జాలీ తుడవండి, చాలు అన్నాను. మా ఆవిడకి చెప్తాలే అన్నారు."

దిండ్లమ్మ ఆ ముద్దను ఒక కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది. ప్రతి ఉదయమూ దూది బస్తాలను ఆ జాలీకే ఆనించి పేర్చింది తానే. ఆయన కాఫీ కప్పుతో బాల్కనీలో నిలబడి చూస్తూనే ఉండేవాడు. చెప్పకపోవడం దుర్మార్గమైతే ఆమెకు ఇంత మంట ఉండేది కాదేమో. చెబితే జాలీ ఎవరు తుడవాలన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న రాకుండా ఉండాలని ఆయన నోరు మూసుకున్నాడు. ఒక గుడ్డముక్క పట్టుకోవాల్సి వస్తుందని ఒక కారును చంపాడు.

సాయంత్రం భోజనాల దగ్గర ఆమె నోరు తెరిచేలోపే ఆయన తెరిచాడు.

"బండి సంగతి తేల్చేశాను. చెల్లికి ఇచ్చేస్తున్నా. ఊరికే, అణా పైసా లేకుండా. ఆదివారం వచ్చి తీసుకెళ్తుంది. మా వాళ్ళందరికీ చెప్పేశా కూడా."

దిండ్లమ్మ కాగితం పొట్లం విప్పి ఆయన కంచం పక్కన పెట్టింది. ఆయన దాన్ని చూసి, చూపు కూర గిన్నె మీదికి మార్చుకున్నాడు.

"ఆ బండి చచ్చిపోయింది. మీకు తెలుసు" అంది ఆమె.

"చచ్చిపోతే ఇవాళ నిన్నెలా మోసింది? ఆర్పితే కొన్నాళ్ళు బానే ఉంటుందిగా. స్కానరు కూడా ఇచ్చేస్తా."

"మీ చెల్లి ఉద్యోగం పొడుగు వంతెన అవతల. దాని మీద పక్కకి ఆపుకోవడానికి జానెడు చోటు లేదు. వెనకనుంచి లారీలు. పైగా పక్కసీట్లో తన పిల్ల."

"అన్నీ అపశకునాలే నీ నోట. అయినా బండి నిండా దూది కూరిందెవరు?"

ఆమె చేతిలోని గ్లాసును మెల్లగా కింద పెట్టింది. మెల్లగా పెట్టకపోతే విసిరేసేది.

"ఇదే లోపం ఒక లిఫ్టులో ఉంటే ఏం చేస్తారు?"

"లిఫ్టు వేరు, ఇల్లు వేరు."

"అయితే మీ చెల్లికి నేనే చెప్తా."

"చెప్పు" అన్నాడాయన, మజ్జిగ పోసుకుంటూ. "నువ్వు చెబితే నమ్ముతుందేమో చూద్దాం."

ఆయన ధైర్యమంతా అక్కడే ఉంది. ఎప్పుడో ఆడపడుచు ఒక పాత కుట్టుమిషను అడిగితే, దిండ్లమ్మ దాన్ని అప్పటికే పనివాళ్ళలో ఒకరికి మాట ఇచ్చి ఉండటంతో కాదంది. ఆనాటి నుంచి వదిన దగ్గర దారప్పోగు కూడా ఊడిరాదని ఆడపడుచు చెప్పని బంధువు లేడు. ఇప్పుడు ఆ పాత మాట ఆయనకు తాళంకప్పలా పనికొచ్చింది. నిజం దిండ్లమ్మ నోట్లోంచి వస్తే చాలు, అది ఈర్ష్యగా మారిపోతుంది.

అయినా ఆమె ఫోను చేసింది. ఆడపడుచు ఆసాంతం విని, తీరిగ్గా మొదలుపెట్టింది.

"అన్నయ్య ఇన్నాళ్ళకి నా చేతిలో ఒకటి పెడతానంటే నువ్వు కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నావా వదినా?"

"నీ కారు తగలెయ్య. అది ఆగిపోతుందంటున్నా."

"నీకు ఆగలేదే? నీ దూది బస్తాలు మోసినన్నాళ్ళూ బంగారు బండి. నేనెక్కగానే ఇనప తుక్కా?"

"నీకు చెవులున్నాయా, అలంకారానికి పెట్టుకున్నావా?"

"ఉన్నాయిలే. మిషను అడిగిన రోజున కూడా ఈ చెవులతోనే విన్నా."

ఫోను పెట్టేశాక దిండ్లమ్మ వంటింట్లో గిన్నెలన్నీ తోమింది, కడిగి ఉన్నవాటితో సహా. ఆడపడుచు మీద కోపం ఉడుకుతూనే ఉంది గానీ, దానికి అడుగున ఉన్న మంట వేరు. తన మాట చెల్లదని తెలిసే ఆయన తనను మాట్లాడనిచ్చాడు. అయితే ఇక మాట్లాడకూడదు. మాట్లాడాల్సింది కారు.

ఆదివారం ఆడపడుచు కొత్త సీటు కవర్లు పట్టుకుని వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చిన అలసట మొహం మీద ఉన్నా, కారు చుట్టూ తిరుగుతున్నప్పుడు అది కనబడలేదు. చిన్నపిల్లలా అద్దాలు తుడిచింది, హారన్ కొట్టి చూసింది. అది చూసి దిండ్లమ్మ కోపం తగ్గలేదు సరికదా రెట్టింపయింది. అన్న ఇచ్చింది చెడ్డ కారు మాత్రమే కాదు. ఆ సంతోషం కూడా నకిలీదే.

లిఫ్టులాయన తెల్లవారగానే దీపం ఆర్పి, స్కానరును ముందు సొరుగులో పెట్టి, తాళాలను చెల్లెలి అరచేతిలో పెట్టాడు.

"నన్ను కార్ఖానా దగ్గర దింపి వెళ్ళు" అంది దిండ్లమ్మ వెనక తలుపు తీసి, ఒక బస్తా లోపలికి తోస్తూ. ఈసారి దాన్ని జాలీకి దూరంగా పెట్టింది. "నీళ్ళ ట్యాంకు మీదుగా పోదాం. దగ్గర."

"ఆ ఎత్తెందుకు ఇప్పుడు?" అన్నాడు లిఫ్టులాయన గబుక్కున. "బండి వేడెక్కుతుంది."

ఆడపడుచు అన్న వంక చూసింది. "వేడెక్కితే ఏమవుతుంది అన్నయ్యా?"

"ఏమవుతుంది. ఏం కాదు. వెళ్ళిరండి."

నీళ్ళ ట్యాంకు వీధి నిటారుగా ఉంటుంది. ఆదివారం కనుక మనుషులు లేరు. పక్కన, బండి ఆపుకోవడానికి వీలుగా, విశాలమైన ఇసుక దారి. సగం ఎక్కారో లేదో వెనకనుంచి ఫ్యాను అరుపు లంకించుకుంది. ఆ తర్వాత ఎర్ర త్రికోణం వచ్చింది. దాని వెంట మరికొన్ని దీపాలు, చుట్టాల్లా, ఒకరిని చూసి ఒకరు. ఆడపడుచు కాలు కింద యాక్సిలరేటర్ చచ్చుబడింది. కారు నత్తలా పాకి, ఇసుక దారిలోకి ఒరిగి ఆగింది.

దిండ్లమ్మ పలక మీది దీపాలను చూస్తూ కూర్చుంది.

"నువ్వేం చేశావు వదినా దీన్ని?"

"నేను ముందు సీట్లో చేతులు కట్టుకు కూర్చున్నా. నీ పక్కనే."

ఆడపడుచు ఫోను తీసి, స్పీకరు పెట్టి, అన్నకు చేసింది. "అన్నయ్యా, ఎర్ర దీపమేదో వెలిగింది."

"కంగారుపడకు" అంది లిఫ్టులాయన గొంతు, ఎంతో అలవాటైన ప్రశాంతతతో. "సొరుగులో చిన్న స్కానరుంది. స్టీరింగు కింద గుచ్చి మీట నొక్కు, పోతుంది. మళ్ళీ వస్తే మళ్ళీ నొక్కు. నేనెప్పుడూ చేసేది అదేగా."

ఆడపడుచు మొహంలో రంగు మెల్లగా మారింది.

"ఎప్పుడూనా?" అంది. "వంతెన మీద కూడా నొక్కమంటావా? వెనక లారీవాణ్ణి ఆగమని చెప్పి నొక్కనా, నొక్కాక చెప్పనా?"

"అది కాదే..."

"నా కూతుర్ని ఎక్కిద్దామనుకున్నా దీంట్లో. కవర్లు కూడా దాన్నే రంగు ఎంచమన్నాను."

ఫోను కట్ చేసి, దిగి, డిక్కీ తెరిచింది. అన్నగారు తీయడం మరిచిపోయిన తనిఖీ సంచి అందులోనే ఉంది. ఎర్ర బిళ్ళ, ఇనప తీగ, సీసపు ముద్ర నొక్కే పటకారు. ఆమె చిన్నప్పటి నుంచీ విన్న కథల్లోని వస్తువులే అవన్నీ.

"ఇది ఎలా కడతారో తెలుసా వదినా?"

"ఆ కథ ఎంతమందికో అన్నం వడ్డిస్తూ విన్నాను. తెలియకేం."

ఆడపడుచు బిళ్ళను స్టీరింగుకు ఆనించి పట్టుకుంది. దిండ్లమ్మ తీగను రెండు చుట్లు తిప్పి, మెలివేసి, ముద్ర నొక్కింది. సూదికి, దారానికి అలవాటైన వేళ్ళు. ముడి గట్టిగా పడింది.

లిఫ్టులాయన వగరుస్తూ ఎత్తెక్కి వచ్చేసరికి ఇద్దరూ కారుకు చెరోవైపు నిలబడి ఉన్నారు. ఆయన తల లోపలికి పెట్టి చూశాడు. 'వాడరాదు'. ఆయన చేయి సీటు మీదున్న పటకారు మీదికి వెళ్ళింది.

"తెంపండి" అంది దిండ్లమ్మ. ఆమె గొంతు పెద్దది కాలేదు, గరుకెక్కింది. "కట్టింది నేను. తెంపి, దీపం ఆర్పి, మీ చెల్లిని కూర్చోబెట్టి పంపండి. వచ్చే అతిథులకు చెప్పడానికి నాకూ ఒక కథ ఉంటుంది."

"నడివీధిలో ఏమిటీ వేషాలు? ఇది లిఫ్టా?"

"కాదు. లిఫ్టయితే పరాయివాళ్ళు ఎక్కుతారు. అందుకే జాగ్రత్తపడతారు మీరు."

ఆయన పటకారు నోటిని తీగ దగ్గరిదాకా తీసుకెళ్ళాడు. అది అక్కడే ఆగింది. ఇతరులు కట్టిన తీగను ఆయన చేయి ఏనాడూ తెంపలేదు. ఇప్పుడు తెంపమంటే ఆ చేయి వినలేదు. చెల్లెలి వైపు చూశాడు, ఏదైనా అంటుందేమోనని.

"నాకు కారు లేకపోయినా ఫర్వాలేదు అన్నయ్యా. కారిచ్చిన అన్న అని అందరికీ చెప్పావుగా, ఇప్పుడు వాళ్ళకి నువ్వే చెప్పుకో" అంది ఆమె. సొరుగులోంచి స్కానరు తీసి తన చేతిసంచిలో వేసుకుంది. "ఇది మాత్రం నేను తీసుకుంటున్నా. నువ్వు ఇస్తానన్నదే."

"యార్డువాళ్ళకి ఫోను చేశాను" అంది దిండ్లమ్మ. "లారీ వచ్చేదాకా బండి దగ్గర ఒకరుండాలి. తాళాలు మీ దగ్గరే పెట్టుకోండి."

వదినా ఆడపడుచూ దూది బస్తాను చెరో కొస పట్టుకుని ఎత్తు దిగసాగారు. కొంతదూరం వెళ్ళాక ఆడపడుచు అంది: "ఇంతమాత్రాన నువ్వు మంచిదానివని నేను ఎవరితోనూ చెప్పను."

"చెప్పకు. నీ వైపు కిందికి జారుతోంది, సరిగ్గా పట్టుకో."

"మిషను నాకే ఇచ్చుండాల్సింది."

"రేపు బస్సు ఎన్నింటికి నీకు?"

"ఎందుకు?"

"కార్ఖానాకి సరుకు తెచ్చే వ్యాను వంతెన దాటే వస్తుంది. తిరిగి వెళ్ళేటప్పుడు ఖాళీయే. అడుగుతా. ఒప్పుకుంటాడని మాటివ్వను."

ఆడపడుచు బస్తా కొసను ఈసారి రెండు చేతులతో పట్టుకుంది. పైన, లిఫ్టులాయన ఎండకు తాళలేక కారులో కూర్చున్నాడు. మోకాళ్ళకు ఎర్ర బిళ్ళ తగులుతోంది. దాని వెనక, పలకలో, త్రికోణం వెలుగుతూనే ఉంది. ఆయన చేయి అలవాటుగా సొరుగులోకి వెళ్ళి, వెతికి, ఖాళీగా బయటకు వచ్చింది.