ఎడమ పక్క

ఉప్పలయ్య సైకిలు వెనక చక్రానికి గాలి కొడుతూ, మధ్యమధ్య బొటనవేలితో టైరు నొక్కి చూస్తున్నాడు. యాభై దాటిన మనిషి. సన్నటి పిక్కలు, నెరిసిన మీసం. బస్తాలు మోసీ మోసీ కుడి భుజం కొంచెం కిందికి దిగింది. పెళ్లయిన కొత్తలో పట్టిన పని ఇప్పటికీ అదే. పొద్దున్నే మరిపెడకు తొక్కడం, వెంకటేశం సేటు కిరాణా దుకాణంలో బస్తాలు దించి తూకం వేయడం, చీకటి పడే వేళకు మళ్లీ ఇంటికి తొక్కడం. అతని గురించి చెప్పుకోవడానికి ఇంకేమైనా ఉందా అంటే, ఏమీ లేదు. సొంత ఊళ్లోనే సగం మందికి అతని ఇంటిపేరు తెలియదు.

భార్య కనకలక్ష్మి సద్ది డబ్బా తెచ్చి హ్యాండిలుకు తగిలించింది.

"జర పైలంగ పో. మంగ్యా సంగతి మర్చిపోకు."

రోజూ అనే మాటే. నిరుడు తండా మంగ్యా ఇదే రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ వస్తూ లారీ కింద పడి పోయాడు. అప్పటి నుంచి పొద్దుగూకాక భర్త సైకిలు బెల్లు వినబడితే తప్ప ఆమెకు ముద్ద దిగదు.

"నాకేమైతదే! ఊకె బుగులు పడకు," అని ఉప్పలయ్య పెడలు మీద కాలు వేశాడు.

ఊరు దాటగానే రోడ్డుకు అవతలి సగమంతా వడ్లు. యాసంగి పంట కోతల రోజులు. ఆ వడ్లు జగపతి పటేలువి. కల్లం జాగాను ప్లాట్లు చేసి అమ్ముకున్నాక ఆయనకు రోడ్డే కల్లమైంది. ఆయనొక్కడేనా, అందరిదీ అదే దారి. మోటారు సైకిళ్లు, ట్రాక్టర్లు వడ్ల మీది నుంచే పోతాయి. ఉప్పలయ్య మాత్రం పోడు. వడ్లంటే లక్ష్మి. చెప్పుకాలు పెట్టకూడదు, చక్రం ఎక్కించకూడదు. చిన్నప్పుడు తల్లి చెప్పింది, అంతే. పొద్దున పోయేటప్పుడు వడ్లు కుడి పక్కన ఉంటాయి కాబట్టి బాధ లేదు. వచ్చేటప్పుడే ఎడమ పక్కకు వస్తాయి. అప్పుడు వెనక్కి తిరిగి చూసి, నడిరోడ్డుకు జరిగి, ఊపిరి బిగబట్టి తొక్కేవాడు. ఈ సంగతి కనకలక్ష్మికి ఏనాడూ చెప్పలేదు.

మధ్యాహ్నం సేటు పిలిచాడు. "ఉప్పలయ్యా, ఫంక్షన్ హాల్ల మీటింగున్నదట. సైకిలోళ్లు గావాలెనంటున్నరు. దుకాణం తరపున నువ్వు పోయి కూసో."

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వాళ్లు కలిసి పెట్టుకున్న ప్రచారం అది. సైకిలు తొక్కే పెద్దవాళ్లు రోడ్ల మీద చచ్చిపోకుండా చూడాలట. మొన్న జనగామలో అయింది, రేపు ఘనపూర్‌లో ఉంది. మంచి పనే, ఎవరు కాదంటారు? వచ్చినవాళ్లకు మెరిసే జాకెట్లు తొడిగారు. సైకిళ్ల వెనక ఎర్ర స్టిక్కర్లు అంటించారు. సౌమ్య అనే మేడమ్ అందరినీ లేపి, చేయి చాపించి ఒట్టు పెట్టించింది. రోడ్డుకు ఎడమ పక్కనే పోతాను, నడిరోడ్డుకు రాను. వేదిక మీద రైతుల తరపున కూర్చున్న జగపతి కూడా లేచి చేయి చాపాడు.

"చెప్పేటివి శ్రీరంగనీతులు," అని వెనక వరుసలో ఎవరో గొణిగారు.

ఎడమ పక్కన వడ్లుంటే ఎట్లా పోవాలని ఉప్పలయ్య అడుగుదామనుకున్నాడు. పటేలు ఎదురుగా పటేలు వడ్ల మాట ఎట్లా ఎత్తడం? కానీ ఒట్టు మాత్రం కనకలక్ష్మిని తలుచుకుని మరీ పెట్టాడు. మిగతావాళ్లకు అది ఫోటో దిగి మరిచిపోయే ఒట్టు. ఈ పిచ్చి మహరాజు నిజమనుకున్నాడు.

సాయంత్రం జాకెట్టు విప్పకుండానే ఇంటికి బయల్దేరాడు. ఇది చూస్తే కనకలక్ష్మి బుగులు తీరుతుందని దారంతా అనుకున్నాడు. మబ్బు పట్టి తొందరగా చీకటైంది. వడ్ల దగ్గరికి రాగానే బ్రేకు వేసి దిగి, అక్కడే నిలబడిపోయాడు.

వడ్లు తిరగేస్తున్న కూలీ వరలక్ష్మి చూసింది. "ఏందన్నా, నిలవడ్డవు?"

"నడిమిట్లకెళ్లి పోనని ఒట్టు వెట్టిన చెల్లె."

"అయితె వడ్ల మీదికెళ్లి పోరాదు? అందరు పోతలేరా?"

"వద్దమ్మా. గది లక్ష్మి."

వరలక్ష్మికి నవ్వొచ్చింది. ఉప్పలయ్య చెప్పులు విప్పాడు. ఉత్తకాళ్లతో వడ్లలోకి దిగితే తప్పు లేదు. సైకిలెత్తి కుడి భుజానికి తగిలించుకున్నాడు. "చెప్పులు గీడనే ఉండనీ. సైకిలు అవతల వెట్టి వచ్చి తీస్కపోత," అన్నాడు.

వడ్లలో పాదాలు జారుతున్నాయి. సగం దాకా బాగానే నడిచాడు. అక్కడ మోకాలు మడత పడింది. వదిలితే సైకిలు వడ్ల మీద పడుతుంది. అందుకని తారు వైపుకు వంగి, చక్రాలు రోడ్డు మీద ఆనించి, తనూ అటే దిగి ఊపిరి పీల్చుకుంటున్నాడు. వెనక నుంచి లారీ వచ్చింది.

వరలక్ష్మి అరిచిన అరుపు లారీ చప్పుడులో కలిసిపోయింది.

డ్రైవరు రోడ్డు పక్కన కూలబడి, వచ్చిన ప్రతివాడికీ అదే చెప్పాడు. "జాకెట్టు మెరిసింది. నేను చూసిన. హారను గొట్టిన. ఎడమ పక్కకు జరుగుతడనుకున్న. అటు వడ్లున్నయని నాకేమెరుక?"

ఇంట్లో కనకలక్ష్మి అన్నం వండి, బెల్లు కోసం వాకిట్లో కూర్చుని ఉంది.

తెల్లారి వాన వచ్చేలా ఉంది. చావు చావే, వడ్లు తడిస్తే ఎట్లా? జగపతి వచ్చి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు, అది దొంగ ఏడుపు కాదు. తరువాత నెత్తురు అంటిన వడ్లు వేరుగా తీయమన్నాడు. వరలక్ష్మి, మిగతా కూలీలు ఎప్పటిలాగే రోడ్డు పక్కన చెప్పులు విడిచి వడ్లలోకి దిగారు. బస్తాలు కుట్టి, ట్రాక్టరుకు ఎత్తి, ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కుని వెళ్లిపోయారు.

ఊడ్చిన రోడ్డు పక్కన ఒక జత మిగిలింది. తెగిన పట్టీకి ఇనుప తీగ చుట్టిన హవాయి చెప్పులు, ఊరి వైపు తిరిగి ఉన్నాయి.