దారంతా నేనే చూపించాను

నేను ఒక వీడియో గేమ్ డిస్కును. అందులోనూ రెండో భాగాన్ని. చెల్లెలికి అక్క గౌన్లు వచ్చినట్టు, నేను పుట్టకముందే నా పేరు సిద్ధంగా ఉంది. మొదటి భాగంలో ఉన్నది ఒకటే దీవి. నాలో పదకొండు దీవులు, వాటి మధ్య సముద్రం. ఎవరూ తప్పిపోకూడదని, తెర పైభాగాన ఒక పసుపు బాణం కూడా పెట్టారు.

కాకినాడలో నన్ను ఫణీంద్రగారు తెచ్చుకున్నారు. ఆయన కాలేజీ ల్యాబ్‌లో పని చేస్తారు. పాతది ఇచ్చి కొత్తది పట్టుకెళ్ళమని షాపతను అంటే, మొదటి భాగాన్ని అక్కడే ఇచ్చేశారు. ఒకసారి పూర్తయిన ఆట మళ్ళీ ఎవరు ఆడతారని ఆయన లెక్క.

ఆ మొదటి భాగంలో బాణం లేదు, పటమూ లేదు. అందుకని సాయంత్రాలు ఆయన ఆడుతుంటే భార్య హైమ పక్కన కూర్చుని, క్యాలెండరు కాగితాల వెనక దీవి పటం గీసేదట. రెండు వర్షాకాలాలు అలా గడిచాయట. రోజు మొత్తంలో వాళ్ళిద్దరూ మనసారా మాట్లాడుకునేది ఆ గంటేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

తొలిరోజు ఆవిడ కొత్త కాగితం తెచ్చుకుని కూర్చుంది.

"ఆ రాయి పక్కనుంచి ఎడమకి తిప్పండి. అటు గుహ ఉంటుంది చూడండి."

"అక్కర్లేదు హైమా, బాణం కుడికి చూపిస్తోందిగా."

"ఓహో! మరి నేనెందుకిక్కడ, దిష్టిబొమ్మలాగా?"

ఆయన నవ్వేశారు. ఎడమవైపు నిజంగానే గుహ ఉంది. ఎంతో మంచి గుహ. వాళ్ళు చూడనే లేదు.

నాలుగో రోజు ఆవిడ చిక్కుడుకాయలు తెచ్చుకుని ఈనెలు తీస్తూ కూర్చుంది. వారం తిరిగేసరికి అవి వంటింట్లోనే ఒలుచుకోవడం మొదలుపెట్టింది. దారి తెలియకపోతే మనుషులు పక్కవాళ్ళను అడుగుతారన్న సంగతి, నన్ను తయారుచేసినవాళ్ళకు తట్టినట్టు లేదు.

ఫణీంద్రగారికి ఆ ఖాళీ తెలిసింది. ఒక సాయంత్రం సెట్టింగుల్లోకి వెళ్ళి బాణం తీసేశారు.

"హైమా, ఓసారి ఇటు రా. ఎటెళ్ళాలో నువ్వే చెప్పాలి."

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ పరుగున వచ్చింది. అరగంట తెరకేసి చూసింది.

"ఎటు చూసినా ఒకటే కొబ్బరితోటండీ. దేన్ని గుర్తు పెట్టుకోను?"

నిజమే. బాణాన్ని నమ్ముకుని కట్టిన లోకం నాది. నాకు సిగ్గేసింది.

మర్నాడు ఆయన నన్ను షాపుకు తీసుకెళ్ళి, పాతదాన్ని తిరిగి ఇమ్మన్నారు.

"అయ్యో మేస్టారూ, అదెప్పుడో వెళ్ళిపోయిందండీ. ఇంకెక్కడా రావట్లేదు కూడా. అయినా ఇది దానికంటే పెద్దదండీ బాబూ!"

ఇంటికొచ్చి ఆవిడకి ఆ సంగతి చెప్పారు.

"పోన్లెండి. సముద్రం బావుందన్నారుగా, అదైనా చూపించండి."

ఆయన పడవెక్కించారు. మబ్బు పట్టి నీళ్ళు ముదురాకుపచ్చ రంగుకు తిరిగాయి. నా దగ్గరున్నదంతా ఒలకబోశాను. ఆవిడ పది నిమిషాలు చూసింది. ఎరగనివాళ్ళ పెళ్ళి ఆల్బం చూసినట్టు, మర్యాదగా "చాలా బావుందండీ" అని లేచింది.

ఇప్పుడు నన్ను ఎవరూ తియ్యరు. సాయంత్రం ఆరింటికి ఇద్దరూ ఇంట్లోనే ఉంటారు, చెరో గదిలో.