ముందే బిగించిన అద్దాలు

చెన్నై రిచ్చీ స్ట్రీట్ కొట్లలో ఆ శనివారం, కళ్ళ మీద బిగించుకుని ఆటలాడే హెడ్‌సెట్లు ఏడు తలకి తగిలించుకున్నాను. ఏడూ నన్ను అవమానించాయి. ఒకటి కళ్ళజోడుని ముక్కులోకి గుచ్చింది. ఇంకొకటి పెట్టుకునేటప్పుడు బాగానే ఎక్కింది గానీ తీసేటప్పుడు కళ్ళజోడుని లోపలే దాచేసుకుంది. కళ్ళజోడు కోసం అదనపు ప్లాస్టిక్ చట్రం ఇచ్చామని గొప్పలు పోయే రకం ఒకటుంది. దాన్ని పెట్టుకుంటే ఆట కిటికీలోంచి చూస్తున్నంత దూరం జరిగిపోయింది. ఇవి తయారుచేసే మహానుభావుల ఇళ్ళల్లో సైటున్నవాళ్ళు ఒక్కరూ లేరా అని ఒళ్ళు మండింది.

"కళ్ళజోడు తీసేసి పెట్టుకోండక్కా" అన్నాడు కొట్టు యజమాని ముత్తుపాండి.

"తీస్తే నీ మొహమే కనపడదు, ఇంక ఆటేం కనపడుతుంది?"

"నా మొహం కనపడకపోతే నష్టమేం లేదులెండి" అని నవ్వి, ఏదో గుర్తొచ్చినట్టు అటక మీంచి ఒక పెట్టె దించాడు. "సెకండ్‌హ్యాండ్‌ది. ఎవరో మహాతల్లో మహానుభావుడో లోపల తన పవర్ అద్దాలు బిగించి జిగురు కూడా పెట్టేశారు. ఊడి చావవు. ఎవరు పెట్టుకున్నా కళ్ళు తిరుగుతున్నాయంటూ విసిరేస్తున్నారు. ఎనిమిది నెలలుగా పడుంది. మీవి మందం అద్దాలు కదా, ఏమో, కాస్త దగ్గరగా ఉంటుందేమో చూడండి."

నవ్వొచ్చింది. చింతాద్రిపేటలో మీరాన్ భాయ్ కళ్ళద్దాల కొట్లో పధ్నాలుగేళ్ళుగా లెన్సులు కోస్తున్నదాన్ని నేను. నా కుడి కన్ను మైనస్ ఎనిమిదిన్నర, ఎడమది మైనస్ ఆరుంపావు, దానికి తోడు రెండింటికీ చెరో వైపు వాలిన సిలిండర్ పవర్. ఇలాంటి జత నా చేతుల మీదుగా ఇంకొకటి పోలేదు. ఊరికే కళ్ళజోడు తీసి, ఆ హెడ్‌సెట్ పెట్టుకున్నాను.

చుక్క మసక లేదు. అన్నిటికంటే చిన్న అక్షరాలు కూడా గీసినట్టు కనపడ్డాయి. రెండు కళ్ళ మధ్య దూరం కూడా సరిపోయింది. నా సొంత కళ్ళజోడులో కూడా అంత హాయిగా ఉండదు.

"ఏమక్కా, అలా బిగుసుకుపోయారు? కళ్ళు తిరుగుతున్నాయా?"

"తిరగట్లేదు" అన్నాను. ఈ ఊళ్ళో నా కళ్ళలాంటి కళ్ళు ఇంకెవరికో ఉన్నాయి. అవి ఉన్న మనిషి ఈ వస్తువుని వదిలించుకున్నాడు. ఎందుకు? అయినా చవగ్గా వస్తోందని కొన్నాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పోయిన ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, నేను స్కూటర్ మీంచి పడ్డానట. 'అట' అంటున్నది ఎందుకంటే నాకు తెలియదు. తల వెనక తొమ్మిది కుట్లు పడ్డాయి, దానికి ముందు ఏడు వారాలు బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయాయి. ఎవరో వచ్చి క్యాలెండర్‌లోంచి చింపుకుపోయినట్టుంటుంది. ఆ ఏడు వారాల గురించి పెద్దగా బాధ లేదు. నా బాధంతా మా చెల్లెలు ఇళవేణి గురించి. నేను ఆసుపత్రిలో కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి అది నాతో మాట్లాడలేదు. పది నెలలు. ఫోన్ చేస్తే ఎత్తదు. కూతురు యాళినిని తీసుకుని ఊరవతల ఆవడిలో అత్తగారింటికి వెళ్ళిపోయింది. అంతకుముందు మా పక్క వీధిలోనే ఉండేది, ఆ పిల్ల సగం రోజులు మా హాల్లోనే పెరిగింది. నాకు పిల్లలు లేరు, యాళినే నా ప్రాణం.

నేనేం చేశాను? దాన్ని ఏమన్నాను? మా ఆయన అన్బరసన్‌ని అడిగితే, "ఏదో మాటా మాటా వచ్చింది, కొన్నాళ్ళు వదిలెయ్ వడివూ" అంటాడు. ఏ మాట అంటే నీళ్ళు నములుతాడు. నాకు నోటి దురుసు ఉన్నమాట నిజమే. అయినా పది నెలలు మొహం చూడనంత మాట ఏమై ఉంటుందా అని తలుచుకోని పూట లేదు.

చిన్నప్పుడు కార్పొరేషన్ స్కూల్లో నేనూ అదీ టేబుల్ టెన్నిస్ జోడీ. పెళ్ళయ్యాక దానికి బ్యాటు పట్టే తీరిక లేకపోయింది, ఇప్పుడు మనిషే దగ్గర లేదు. ఇలాంటి హెడ్‌సెట్లలో ఎదురుగా ఒక బొమ్మ మనిషి నిలబడి ఆడుతుందని ఎవరో అంటే ఆశపడ్డాను. ఆ ఊసెత్తినప్పుడల్లా అన్బు మొహం మాడ్చుకునేవాడు. "నీ కళ్ళకి అవి పడవు" అనేవాడు. నా కళ్ళ సంగతి నాకంటే ఈయనకి ఎక్కువ తెలుసు కాబోలు! అందుకే చెప్పకుండా తెచ్చి బట్టల అల్మారాలో దాచాను.

ఆదివారం పొద్దున ఆయన చేపల మార్కెట్‌కి వెళ్ళగానే హాలు తలుపు వేసి హెడ్‌సెట్ పెట్టుకున్నాను.

మొదట హెడ్‌సెట్‌లోంచి చూస్తూ గచ్చు మీద గీత గీయాలని, ఆ గీత లోపలే ఆడాలని ముత్తుపాండి చెప్పాడు. గీయబోతే గీత అప్పటికే ఉంది. నీలం గీత, గోడ పక్కనే గోడంత పొడవునా పోయి, మా హాలు మధ్యలో ఉన్న వంకర స్తంభం దగ్గర దాని చుట్టూ తిరిగి, అవతలి గోడ పట్టుకుంది. ఇంకెవరింటి గీతో మా ఇంటికి ఎలా సరిపోతుంది? కిటికీ కింద మాత్రం చిన్న చదరం వదిలేసి వంగింది, అక్కడేదో ఉన్నట్టు. హెడ్‌సెట్ కాస్త ఎత్తి చూశాను. అక్కడ ఏమీ లేదు. ఉత్త గచ్చు.

తీసి పారేయవలసింది. తీయలేదు.

ఆట తెరిచాను. బ్యాటు ఎడమచేతికి పెట్టి ఉంది. నాది ఎడమచేతివాటం. బల్ల సరిగ్గా నా నడుము ఎత్తుకి ఉంది. ఏ మీట ఎక్కడుందో ఎవరూ చెప్పకుండానే నా వేళ్ళు వెళ్ళి నొక్కుతున్నాయి. వాటిని ఆపాలనిపించింది, అవి ఆగలేదు. ఒక మూల రికార్డింగులని ఉంటే అదీ నొక్కాను. ఒకటే ఉంది. తేదీ చూశాను. పోయిన ఆడి నెల, నేను స్కూటర్ మీంచి పడ్డానన్న రోజు.

బల్ల కనపడింది. అవతల బూడిదరంగు బొమ్మ మనిషి బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. టక్, టక్ అని బంతి. ఆ చప్పుడు వెనక గదిలోని మాటలు వినపడ్డాయి.

"పెద్దమ్మా, నాకూ ఇవ్వు."

"ఆగవే బంగారం, ఇంకో రెండు పాయింట్లు. ఇటు రాకు, కుర్చీలోనే కూర్చో."

రెండో గొంతు నాది. నా నోటితో నేను అన్న మాటలు, నాకు తెలియని మాటలు.

"అక్కడ ఎవరూ లేరుగా! ఎవరితో ఆడుతున్నావు?" అని యాళిని నవ్వింది. నవ్వు మొదట దూరంగా ఉంది. తరవాత దగ్గరికొచ్చింది. బొమ్మ మనిషి బంతిని ఎత్తుగా నా ఎడమవైపు కొట్టాడు. నా బ్యాటు బలంగా లేచింది. తగిలిన చప్పుడు బంతిది కాదు.

ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తరవాత పిల్ల కేక. "యాళినీ!" అని నేను. బల్ల తలకిందులైంది, ఏదో దబ్బున మోగింది, చిత్రం పక్కకి వాలి అలాగే నిలిచిపోయింది. పిల్ల ఏడుస్తూనే ఉంది. "పెద్దమ్మా లే, పెద్దమ్మా లే" అంటోంది. వాలిన బల్ల అవతల ఆ బొమ్మ మనిషి మాత్రం బ్యాటు పట్టుకుని, నేనెప్పుడు సర్వ్ చేస్తానా అని అటూ ఇటూ ఊగుతూ చూస్తున్నాడు.

ఎంతసేపు చూశానో తెలియదు. హెడ్‌సెట్ తీసేసరికి అన్బు గుమ్మంలో ఉన్నాడు. చేతిలో చేపల సంచి, దాన్నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎక్కడిది?" అన్నాడు.

"నువ్వు అమ్మిన చోటిదే."

ఆయన గోడకి జారగిలబడి కింద కూర్చున్నాడు. ఏడుపు ఆపుకుంటూ చెప్పాడు. స్కూటర్ లేదు, ఏమీ లేదు. నాకు గుర్తులేని ఆ ఏడు వారాల్లోనే ఈ హెడ్‌సెట్ కొన్నానట. నా చేతిలో బ్యాటుగా ఉన్న పిడి యాళిని కంటికి తగిలింది. నేను కంగారుగా వెనక్కి తిరిగి స్తంభానికి తల కొట్టుకుని పడ్డాను. ఆ కిటికీ కింద చదరంలో యాళిని కుర్చీ ఉండేదట. పిల్లకి ఎక్కడ తగులుతుందోనని నేనే గీతని వంచానట.

"నాకెందుకు చెప్పలేదు?"

"అప్పుడు నువ్వున్న స్థితి అలాంటిది. దెబ్బ తగిలిన తలకి దిగులు పెట్టొద్దన్నారు డాక్టరు. తరవాత చెప్దామంటే ఇళవేణే వద్దంది. 'మాట్లాడితే నోరు జారుతుంది బావా, అందుకే మాట్లాడను' అంది."

"కోపం లేదా దానికి?"

"ఎందుకుండదు వడివూ? కన్నతల్లి."

అడగకూడని మాట నోట్లోకి వచ్చింది. కొట్లో అయితే రోజూ అడిగే మాటే. "ఏ కన్ను?"

"ఎడమది. చూపు రాదన్నారు."

ఎడమది. నాకో ట్రే గుర్తొచ్చింది.

మా కొట్లో లోపలి గదిలో కూర్చుని లెన్సులు కోసే నాకూ సెల్వంకీ మనుషులు రారు, ట్రేలు వస్తాయి. ట్రేలో ఒక ఫ్రేము, ఒక చీటీ. చీటీ మీద నంబరు, పవర్, అంతే. పేరుండదు. పోయిన ఐప్పసిలో, అంటే దీపావళి నెలలో, నేను మళ్ళీ పనిలో చేరిన కొత్తలో, ఒక చిన్న ఫ్రేము వచ్చింది. ఆకుపచ్చది, కాడల మీద బుల్లి ఏనుగులు. కుడి కంటికి మైనస్ ఒకటి. ఎడమ కంటి దగ్గర 'బ్యాలెన్స్' అని రాసి ఉంది. చూపు లేని కంటికి పవర్ అక్కర్లేదు. కానీ ఉత్త గాజు పెడితే ఆ కన్ను వేరుగా కనపడుతుంది. అందుకని రెండో కంటికి ఎలాంటి అద్దం పెడతామో, అంతే మందంతో అలాంటిదే దీనికీ పెడతాం. చూసేవాళ్ళకి తేడా తెలియదు. దాన్నే బ్యాలెన్స్ అంటాం. ఆ రోజు లెన్సు కోస్తూ నోరు పారేసుకున్నాను. "ఇంత పసిపిల్ల కన్ను పోయేదాకా ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఏం వెలగబెడుతున్నారో! అలాంటివాళ్ళ చేతులు విరగ్గొట్టాలి" అన్నాను. మీరాన్ భాయ్ నా వెనకే ఉన్నాడు. టీకని బయటికి వెళ్ళి మధ్యాహ్నం దాకా రాలేదు.

సోమవారం తాళం తీయకముందే కొట్టు మెట్ల మీద కూర్చున్నాను. హెడ్‌సెట్ ఒళ్ళో ఉంది. మీరాన్ భాయ్ వచ్చి దాన్ని చూశాడు, నన్ను చూశాడు. షట్టర్ ఎత్తాడు. పవర్ చూసే మిషను కింద ఆ అద్దాలు పెట్టి చూసుకున్నాను. నా నంబర్లే. అంచున, సిలిండర్ ఉన్న గుండ్రటి అద్దం చోటు తప్పి తిరిగిపోకుండా రెండు జిగురు చుక్కలు. అలా పెట్టేది ఈ కొట్లో నేనొక్కదాన్నే. ఆ చుక్కల వల్లే దీన్ని ఎవరూ కొనలేదు, ఎవరూ కొనలేదు కాబట్టే లోపలున్నది ఎవరూ తుడవలేదు. నా జాగ్రత్తే దాన్ని నా కోసం ఎనిమిది నెలలు దాచిపెట్టింది.

"భాయ్, ఆకుపచ్చ ఫ్రేము, ఏనుగులు" అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సెల్వంకి ఇద్దామనుకున్నానమ్మా. మీ చెల్లెలు ఒప్పుకోలేదు. 'చిన్న ఫ్రేములో అద్దం మా అక్క పెడితేనే నిలుస్తుంది, అక్కే కోయాలి' అంది. కోపంతో అందో ప్రేమతో అందో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు."

"నేనన్న మాటలు దానికి చెప్పారా?"

"చెప్పేదేముంది? ఆ రోజు ఇక్కడే ఉంది." లోపలి గదికీ కౌంటర్‌కీ మధ్యనున్న నల్ల అద్దాన్ని చూపించాడు. మా వైపు నుంచి అది అద్దంలా మెరుస్తుంది, అవతలివైపు నుంచి మేము కనపడతాం, మా మాటలూ వినపడతాయి. పధ్నాలుగేళ్ళుగా జడ సరిచేసుకునేది అందులోనే. "అది పూర్తయ్యేదాకా నిలబడి చూసింది. బిడ్డ కూడా చూసింది. 'పెద్దమ్మ నాకోసమే చేస్తోందా' అని అడిగింది."

నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. చేతులు విరగ్గొట్టాలి అన్నాను కదా, ఆ చేతులనే చూసుకుంటూ ఏడ్చాను.

కాసేపయ్యాక భాయ్ సొరుగు తెరిచి ఒక ట్రే నా ముందుకు జరిపాడు. కొత్త ఫ్రేము, పోయినదానికంటే ఒక సైజు పెద్దది. పిల్ల ఎదిగింది. కుడి మైనస్ ఒకటిన్నర. ఎడమ, బ్యాలెన్స్. "శుక్రవారం వచ్చింది. ఇవ్వాలో వద్దో తెలియక దాచాను. ఈసారి సెల్వం చేస్తాడులే."

"నేనే చేస్తాను."

మిషను ఆన్ చేశాను. నీళ్ళు పడ్డాయి, రాయి తిరిగింది. కుడి అద్దం ముందు కోశాను, తరవాత ఎడమది, దానంత మందంగా, దానిలాగే. చేతులు వణకలేదు. వణికుంటే బాగుండేది. మధ్యలో ఒకసారి తలెత్తి ఆ నల్ల అద్దంలోకి చూశాను. నా మొహమే కనపడింది.

"ఎప్పుడు వస్తారు?" అని అడిగాను.

"శనివారం పదకొండింటికి."

"శనివారం నేను లోపల కూర్చోను భాయ్" అన్నాను. "కౌంటర్ దగ్గర నిలబడతాను. ఇది నా చేత్తోనే పిల్లకి పెడతాను. ఇళవేణి కొడితే కొట్టనివ్వండి, అడ్డం రావద్దు."