నల్లా పక్కన అంకెల గడియారం

కాలనీ కమిటీ పెద్దలారా, మా బస్తీలో కూలి చేసుకునే బాలనాగమ్మ బిందెలు సగంలో ఆగిపోతున్నాయంటే కారణం మీరే. నల్లాలో నీళ్లు లేక కాదు. మీ అధ్యక్షుడు జగన్నాథరావుగారి చేతిగడియారం వల్ల.

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ పోయే మా గల్లీకి ఒకటే నల్లా. పొద్దున ఆరున్నర దాకా మీ కాలనీ ఇళ్లవాళ్లకు, తర్వాత అరగంట మా బస్తీకి. మా వంతు రాగానే ఆయన గడియారం పరుగెత్తేది.

"ఏడైంది, బిందె తియ్యి."

"ఇప్పుడే పెడితి గద సారూ! మమ్ముల జూస్తే మీ గడియారం గూడ ఉరుకుతదా?"

బాలనాగమ్మకు ముళ్ల గడియారం చూడరాదు. బస్సు నంబర్లు చదవగలదు. అందుకే ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడ రేడియోలు బాగుచేసే సుందరరావుగారు అంకెల గడియారం తయారుచేసి నల్లా పక్క గోడకు తగిలించారు. పాత సామాన్లమ్మే జుమేరాత్ బజార్లో ఏరుకొచ్చిన పాత గాజు గొట్టాలు. ఒక్కోదాంట్లో ఏడు సన్నని తీగలు. వెలిగిన తీగలను బట్టి అంకె. పోట్లాటలు ఆగాయి, బిందెలు నిండాయి.

కొన్నాళ్లకు చివరి అంకె ఆరిపోయింది. పిల్లల బొమ్మ అని మీరు దింపేశారు. బాలనాగమ్మ మళ్లీ సగం బిందెతోనే కూలికి పోయింది.

సుందరరావుగారు వదల్లేదు. దాన్ని నారాయణగూడలోని తన కొట్టుకు తీసుకెళ్లి కూర్చుని, వేళ్లు కాల్చుకుని కారణం పట్టారు.

"చల్లగా ఉన్న తీగ వెలిగేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగేస్తోందయ్యా. దాన్ని నడిపే ట్రాన్సిస్టరు మాడిపోతోంది. చివరి అంకె నిమిషానికోసారి మారుతుంది కదా, ముందు అదే పోయింది."

ఇక ఆరిన తీగలోనూ కాస్త కరెంటు పారేట్టు చేశారు. వెలుగు కనిపించదు, తీగ వెచ్చగా ఉంటుంది.

"మా ఇంట్లో పాలు కాగలేదు గానీ ఈయన తీగలు మాత్రం కాగాయి" అన్నారు ఆయన భార్య రాజ్యలక్ష్మిగారు.

అప్పటి నుంచి కొట్టు అద్దాల వెనక గడియారం ఆగకుండా నడుస్తోంది. సాయంత్రం కూలి నుంచి వస్తూ బాలనాగమ్మ చూసింది.

"ఆరు... నలభై రెండు. జర ఆగు... నలభై మూడు! సల్లగుండు సారూ, మా నీళ్లు మాకు జూపిస్తున్నవ్."

అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం జెండా పట్టి ఈ రోడ్ల మీద అరిచినవాణ్ణి నేను. ఆంధ్రాయనకు దండం పెడతావా అని మావాళ్లు అడిగారు. పెడతాను. మా హక్కు మాట మార్చను. మా ఆడవాళ్ల బిందెల కోసం వేళ్లు కాల్చుకున్న మనిషిని మరవను.

జగన్నాథరావుగారేమో, "వచ్చే మీటింగులో చూద్దాం" అంటున్నారు.

మీటింగు అక్కర్లేదు. రేపు నల్లా వచ్చేలోగా ఆ గడియారాన్ని గోడకెక్కించండి. ఏడు అంకె పడేదాకా బాలనాగమ్మ బిందె మీద ఎవరూ చెయ్యి వెయ్యకండి.